నా లైకులు... నాన్న పరపతి

"ఒరేయ్ చిన్నోడా, నేను పస్తులెప్పుడున్నానురా?"

ఫోన్ ఎత్తగానే నాన్న అడిగిన మొదటి మాట అది. హలో లేదు, తిన్నావా అనీ లేదు. 2023 మే నెల, మిట్ట మధ్యాహ్నం. హైదరాబాద్‌లో అద్దె గదిలో నేనూ, నా ల్యాప్‌టాపూ, తిరగనా వద్దా అన్నట్టు తిరుగుతున్న ఫ్యానూ. అప్పటికి నా ఉద్యోగం పోయి పదకొండు వారాలు. అయినా ఆ రోజు నేను మంచి హుషారుగా ఉన్నాను. లింక్డ్‌ఇన్‌లో నేను పెట్టిన పోస్టుకు ముందురోజు రాత్రికే 18 వేల లైకులు దాటాయి మరి!

"ఏమైంది నాన్నా?"

"ఏమవ్వడమేంటి? పొద్దున్నుంచీ షాపుకొచ్చిన ప్రతోడూ నా మొహం వంక అదోలా చూస్తన్నాడు. 'పాపం మేస్త్రీ, పిల్లోడి చదువు కోసం రాత్రిళ్లు మంచినీళ్లు తాగి పడుకున్నావంటగా, మాకొక్క మాట చెప్పొద్దా' అంటన్నారు. మీ అమ్మేమో, 'రోజూ పులుసు గిన్నె ఊడ్చి మరీ లేచేది ఎవరంటా' అని నన్నే దెప్పుతోంది."

నాకు నవ్వొచ్చింది. నాన్నకు రాలేదు. ఎందుకు రాలేదో తెలియడానికి నాకు మూడు వారాలు పట్టింది.

మాది దెందులూరు. ఏలూరు దాటి రాజమండ్రి వైపు వెళ్తుంటే హైవే మీద తగులుతుంది. నాన్నకు మోటార్ వైండింగ్ షాపు ఉంది. పొలాల్లో బోరు మోటార్లు, ఇళ్లలో నీళ్ల మోటార్లు బాగుచేస్తాడు. కానీ అసలు గిరాకీ కొల్లేరు వైపు నుంచి వస్తుంది. రొయ్యల చెరువుల్లో గిర్రున తిరిగే ఏరియేటర్లు చూశారుగా, వాటి మోటార్లు. కాలిపోయిన రాగి తీగ పీకేసి, కొత్త తీగ చుట్టి, వార్నిష్ పోసి ఆరబెట్టి ఇవ్వడం ఆయన పని. నేను 2019లో బీటెక్ పూర్తిచేసి, క్యాంపస్ ప్లేస్‌మెంట్‌లో వచ్చిన ఉద్యోగంతో హైదరాబాద్ చేరాను. నాలుగేళ్లు బాగానే గడిచాయి.

2023 జనవరిలో అమెరికాలో పెద్ద కంపెనీలన్నీ వరసపెట్టి మనుషుల్ని తీసేయడం మొదలెట్టాయి. గూగుల్ 12 వేల మందిని, మైక్రోసాఫ్ట్ 10 వేల మందిని తగ్గిస్తున్నామని ఆ ఒక్క నెలలోనే ప్రకటించాయి. అక్కడ తుమ్మితే ఇక్కడ జలుబు చేస్తుందిగా. ఫిబ్రవరి ఆఖర్లో మా కంపెనీ వాళ్లు నన్ను పదిహేను నిమిషాల వీడియో మీటింగుకు పిలిచారు. పదహారో నిమిషానికి నా ఆఫీసు మెయిల్ పనిచేయడం మానేసింది.

మొదటి నెలంతా జాబ్ సైట్లలో అప్లై చేస్తూ కూర్చున్నాను. ఒక్కో ఉద్యోగానికి వందలమంది పోటీ. అవతలి నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అప్పుడు గదిలో ఉండే నా స్నేహితుడు ఓ మాటన్నాడు. "ఇలా అప్లికేషన్లు పెడితే ఎవడు చూస్తాడ్రా? నీకో పర్సనల్ బ్రాండ్ ఉండాలి. లింక్డ్‌ఇన్‌లో రాయడం మొదలెట్టు."

ఆ సైటు గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. ఉద్యోగస్తుల ఫేస్‌బుక్ అనుకోండి. రీడ్ హాఫ్‌మన్ అనే ఆయన ఇంకొందరితో కలిసి 2002 డిసెంబర్‌లో మొదలుపెట్టి, 2003 మేలో జనంలోకి తెచ్చాడు. 2016లో మైక్రోసాఫ్ట్ దాన్ని 2,620 కోట్ల డాలర్లకు కొంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ పగ్గాలు మన హైదరాబాద్ కుర్రాడు సత్య నాదెళ్ల చేతిలోనే ఉన్నాయి. ఇప్పుడు మన దేశంలోనే దానికి 10 కోట్లకు పైగా సభ్యులున్నారు. ఇక పర్సనల్ బ్రాండ్ అంటారా... అది దానికంటే పాతది. 1997లో టామ్ పీటర్స్ అనే మేనేజ్‌మెంట్ గురువు ఒక అమెరికన్ పత్రికలో వ్యాసం రాస్తూ, సబ్బుకూ బూటుకూ బ్రాండ్ ఉన్నట్టే ప్రతి ఉద్యోగీ తానే ఒక బ్రాండ్ కావాలన్నాడు. ఆ మాటే ఇరవై ఆరేళ్ల తర్వాత కూకట్‌పల్లిలో మా గదిలోకి వచ్చి కూర్చుంది.

రెండు వారాలు ఆ సైటును పరీక్షకు చదివినట్టు చదివాను. ఏ పోస్టులు పరిగెడుతున్నాయి, ఏవి పడుకుంటున్నాయి అని చూశాను. కొన్ని కిటుకులు పట్టుబడ్డాయి. మొదటి రెండు లైన్లే కనబడి మిగతాది మడతలో దాక్కుంటుంది కాబట్టి, ఆ రెండు లైన్లలోనే గుండె పిండేయాలి. ఒక్కో వాక్యానికి ఒక్కో పేరా వేయాలి. ఫొటో తప్పనిసరి, అందులో మనిషి మొహం ఉండాలి. చివర్లో ఒక ప్రశ్న వేసి జనంతో కామెంట్లు పెట్టించాలి. అన్నిటికీ మించి పేదరికం, కన్నీళ్లు, ఆ తర్వాత గెలుపు. ఈ మూడూ కలిస్తే ఇక తిరుగులేదు.

నా జీవితంలో అంత సరుకు లేదు. అందుకని నాన్న జీవితంలో వెతికాను.

సంక్రాంతికి తీసిన ఫొటో ఒకటి ఫోన్లో ఉంది. నాన్న షాపులో నేలమీద కూర్చుని, ఒళ్లో మోటారు పెట్టుకుని తీగ చుడుతున్నాడు. చేతులకు నల్లటి వార్నిష్ మరకలు. ఆ ఫొటో పెట్టి ఇంగ్లీషులో ఇలా రాశాను. మా నాన్న నా ఇంజినీరింగ్ ఫీజు కోసం మూడేళ్లు రాత్రి భోజనం మానేశాడు. కంప్యూటర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు. షాపులో ఉన్నవన్నీ తాకట్టు పెట్టాడు. ఈ రోజు నాకు ఉద్యోగం లేదు, కానీ ఆ చేతుల్ని చూసినప్పుడల్లా నాకు ఓడిపోయే హక్కు లేదనిపిస్తుంది...

నిజమేంటో కూడా చెప్పాలిగా. నా ఫీజులో ఎక్కువ భాగం ప్రభుత్వం ఫీజు రీయింబర్స్‌మెంట్ కింద కట్టింది. హాస్టల్ ఖర్చులకు నాన్న చీటీ పాడాడు, వాయిదాలన్నీ టైముకు కట్టేశాడు. షాపులో ఏదీ తాకట్టులో లేదు. కంప్యూటర్ సంగతా... ఊళ్లో సగం కంప్యూటర్ల యూపీఎస్‌లు ఆయనే బాగుచేశాడు. ఇక రాత్రి భోజనం మాట మా అమ్మ చెప్పనే చెప్పింది.

'మొత్తం అబద్ధం కాదుగా, కొంచెం మసాలా' అని నాకు నేను చెప్పుకున్నాను. పోస్టు మాత్రం నిప్పంటుకున్న గడ్డివాములా లేచింది. ముక్కూమొహం తెలియనివాళ్లు 'కళ్లు చెమర్చాయి', 'మీ నాన్నగారికి పాదాభివందనం' అని రాశారు. నాలుగు రోజుల్లో నాతో కలిసినవాళ్లు 6 వేలమంది. ఉద్యోగం ఇక వాకిట్లో ఉన్నట్టే అనుకున్నాను.

మరి ఆ 6 వేలమందీ ఏం చేశారు? సగంమంది నాలాంటి నిరుద్యోగులే. 'అన్నా, రిఫరల్ ఇప్పించు' అని నన్నే అడిగారు. కొందరు 'లింక్డ్‌ఇన్‌లో ఎదగడం ఎలా' అనే కోర్సులు అమ్మేవాళ్లు. ఇద్దరు రిక్రూటర్లమని చెప్పుకుని, రిజిస్ట్రేషన్ కోసం డబ్బు కట్టమన్నారు. (ఉద్యోగం ఇచ్చేవాడు మనకు జీతం ఇస్తాడు కానీ మన దగ్గర ఫీజు తీసుకోడు. ఇది మాత్రం మీ ఇంట్లో పిల్లలకు తప్పకుండా చెప్పండి.) ఇంటర్వ్యూకు రమ్మన్నవాళ్లు ఒక్కరూ లేరు. ఎందుకుంటారు? ఆ పోస్టు చదివితే మా నాన్న గొప్పవాడని తెలుస్తుంది కానీ, నాకు ఏం పని వచ్చో తెలియదు కదా.

ఈలోపు టెక్సాస్‌లో ఉండే మా ఊరి కుర్రాడొకడు ఆ పోస్టును ఫోన్‌లోనే తెలుగులోకి మార్చి ఊరి వాట్సాప్ గ్రూపులో పడేశాడు. నాన్న ఫోన్ చేసింది ఆ తర్వాతే.

మూడు వారాలయ్యాక అమ్మ ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడింది. "మీ నాన్న నీకు చెప్పొద్దన్నాడు. ఏలూరు షావుకారు రాగి తీగ అరువివ్వనన్నాడురా. డబ్బు పెట్టి పట్టుకెళ్లమంటన్నాడు. రెండు వారాల్నుంచీ షాపులో పని సగమే."

ఇక్కడ మీకు మా నాన్న వ్యాపారం ఎలా నడుస్తుందో చెప్పాలి. రొయ్యల రైతు చేతికి డబ్బు వచ్చేది పట్టుబడి అయ్యాకే. అప్పటిదాకా మేత దగ్గర్నుంచి మోటారు రిపేరు దాకా అంతా ఖాతా మీదే నడుస్తుంది. రైతు నాన్నకు మూడు నాలుగు నెలలకు ఇస్తాడు. మరి నాన్నకు తీగ కావాలంటే? ఏలూరు షావుకారు దగ్గర అరువు. పద్నాలుగేళ్లుగా కాగితం లేదు, సంతకం లేదు. నాన్న ఫోన్ చేస్తే సాయంత్రం బస్సులో తీగ చుట్టలు వచ్చేసేవి. దీన్నే మా వైపు పరపతి అంటారు. ఈ మాట గమనించారా? అప్పు పుట్టడాన్నీ పరపతే అంటాం, పదిమందిలో పలుకుబడినీ పరపతే అంటాం. మన భాషలో రెండూ ఒకటే.

షావుకారు కొడుకు కూడా ఆ పోస్టు చదివాడు. 'షాపులో ఉన్నవన్నీ తాకట్టు పెట్టాడు' అన్న లైను దగ్గర ఆగాడు. కళ్లు చెమర్చాయో లేదో నాకు తెలియదు కానీ, వాళ్ల నాన్నకు మాత్రం చెప్పాడు. తాకట్టులో ఉన్న మనిషికి అరువెవరిస్తారు? ఆయన్ని తప్పుపట్టడానికీ లేదు. నాకు 18 వేల లైకులు తెచ్చిన లైనే నాన్న ఖాతా మూయించింది.

ఆ రాత్రే గౌతమి ఎక్కాను. తెల్లారేసరికి ఏలూరులో దిగి, బస్సులో ఊరు చేరాను. నాన్న ఏమీ అనలేదు. "వచ్చేవా, స్నానం చెయ్" అన్నాడు. తిట్టుంటే బాగుండేదనిపించింది.

ఆ రాత్రి ఒంటిగంటన్నరకు నాన్న ఫోన్ మోగింది. కైకలూరు రోడ్డు వైపు ఒక చెరువు. నాలుగు ఏరియేటర్లలో రెండు ఆగిపోయాయట. నాన్న లేచి చొక్కా తొడుక్కున్నాడు. నేనూ బయల్దేరాను. స్పేర్ మోటారు ఒళ్లో పెట్టుకుని బైకు వెనకాల కూర్చున్నాను.

చిన్నప్పుడు ఇలాంటి ఫోన్లు ఎన్నో విన్నాను కానీ, అంత తొందరెందుకో ఎప్పుడూ అడగలేదు. దారిలో నాన్న చెప్పాడు. పగలు ఎండకు నీళ్లలోని నాచు ఆక్సిజన్ వదులుతుంది. రాత్రి ఎండ ఉండదు. ఆ నాచే రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చడం మొదలెడుతుంది. అందుకే తెల్లారుగట్ల నీళ్లలో గాలి బాగా తక్కువైపోతుంది. ఆ వేళకు ఏరియేటర్లు తిరగకపోతే రొయ్యలు పైకి తేలతాయి. పొద్దెక్కేసరికి లక్షల రూపాయల పంట చచ్చి అడుగున పడి ఉంటుంది. ఇది రైతుకు తెలుసు. నాన్నకూ తెలుసు. అందుకే ఆ వేళప్పుడు ఫోన్ ఎత్తేవాడి నంబరే రైతులు దాచుకుంటారు.

చెరువు గట్టు మీద టార్చిలైటు పట్టుకుని నేను నిలబడ్డాను. ఒక మోటారుకు ఫేజు పోయింది, అది పది నిమిషాల్లో తిరిగింది. రెండోది కాలిపోయింది. దాన్ని విప్పి స్పేర్ బిగించేసరికి మూడున్నర. చక్రాలు నాలుగూ తెల్లటి నురగ చిమ్ముతుంటే రైతు గట్టు మీద కూలబడ్డాడు. కాసేపయ్యాక నాతో అన్నాడు: "మీ నాన్నకు నేను నాలుగు నెలల బాకీ బాబూ. అయినా ఎప్పుడు ఫోన్ చేసినా వస్తాడు. మా బావమరిదికీ ఈ నంబరే ఇచ్చాను. ఆడు ఆళ్ల ఊళ్లో ఇంకో నలుగురికి ఇచ్చాడు."

నెట్‌వర్క్ అనే మాట అక్కడ ఎవరూ అనలేదు.

పొద్దున షాపుకెళ్లాక నాన్న ఆ కాలిన మోటారు విప్పి, ఒక పొడవాటి నోటుపుస్తకం తీశాడు. తేదీ, ఎవరిది, ఎన్ని హెచ్‌పీ, ఏ గేజి తీగ, ఎన్ని చుట్లు, ఎందుకు కాలింది. అన్నీ వరసగా గళ్లు గీసి రాసి ఉన్నాయి. అలాంటి పుస్తకాలు అలమారలో పదకొండున్నాయి. ఒక మోటారు రెండోసారి వస్తే పాత పుట తీసి చూస్తాడన్నమాట. అన్నిటికంటే చివరి గడి చూసి ఆగిపోయాను. దానిపైన 'నా తప్పు' అని రాసుంది. చాలా వరసల్లో ఖాళీ. కొన్నింట్లో మాత్రం: 'వార్నిష్ ఆరకుండా ఇచ్చాను. డబ్బు తీసుకోలేదు.' 'బేరింగ్ చూడలేదు. మళ్లీ ఊరికే చుట్టాను.'

"ఇది ఎందుకు రాస్తావు నాన్నా?" అన్నాను.

"రాయకపోతే మళ్లీ అదే చేస్తాంగా" అన్నాడు, తల ఎత్తకుండానే.

ఆ మధ్యాహ్నం ఇద్దరం ఏలూరు వెళ్లాం. షావుకారు దగ్గర నిలబడి, పోస్టులో రాసింది నిజం కాదనీ, నేనే కల్పించాననీ చెప్పాను. ఆయన పెద్దమనిషి, కూర్చోమన్నాడు, కాఫీ తెప్పించాడు. అంతా విని నెమ్మదిగా అన్నాడు: "అది అబద్ధమైతే, ఇప్పుడు చెప్పేది నిజమని నాకెలా తెలుస్తుంది బాబూ?"

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. నాన్నే మాట్లాడాడు. "మీ పాత బాకీ ఈ నెలలో తీర్చేస్తాను. తర్వాత మీ ఇష్టం" అన్నాడు. ఆ నెల చీటీ ఎక్కువ తోపుడుకు పాడి, నష్టానికే తెచ్చి, బాకీ మొత్తం కట్టేశాడు. మళ్లీ ఖాతా తెరిచింది దసరాకు. ఆ నాలుగు నెలలూ తీగ నగదుకే కొన్నాడు.

పోస్టు తీసేద్దామనుకున్నాను. నాన్న ఒప్పుకోలేదు. "తీసేస్తే చదివినోళ్లకి అదే నిజంగా ఉండిపోద్దిగా. తప్పని రాయి" అన్నాడు. రాశాను. ఏది నిజమో, ఏది నేను కల్పించానో వరసగా రాసి, పాత పోస్టు మొదట్లోనే ఆ సంగతి పెట్టాను. కొత్త పోస్టుకు 240 లైకులు వచ్చాయి. చాలామంది తిట్టారు. వందలమంది నన్ను వదిలేసి వెళ్లిపోయారు. తిట్టాల్సిందే, వెళ్లాల్సిందే.

తర్వాత నేను చేసింది ఒకటే. నాన్న పుస్తకాన్ని కాపీ కొట్టాను. ప్రతి శుక్రవారం ఒక పోస్టు. నాలుగేళ్లలో నేను చూసిన ఒక సమస్య, అది ఎందుకు వచ్చింది, ఎలా సరిచేశాం, అందులో నా తప్పెంత. కంపెనీ పేరు, రహస్యాలు ఏవీ లేకుండా. ఉదాహరణకు ఒకటి చెబుతాను. మీరు ఫోన్లో డబ్బు కడతారు, నెట్ నెమ్మదిగా ఉండి జవాబు రాదు, యాప్ మళ్లీ ప్రయత్నిస్తుంది. సరిగ్గా రాయకపోతే మీ ఖాతాలో రెండుసార్లు కట్ అవుతుంది. ప్రతి చెల్లింపుకూ ఒక ప్రత్యేకమైన నంబరు ఇచ్చి, ఆ నంబరుతో ఇంకోసారి అడిగితే పాత జవాబే ఇవ్వాలి. కొత్తలో నేను ఆ నంబరును ప్రతి ప్రయత్నానికీ కొత్తగా పుట్టించేలా రాశాను. టెస్టింగ్‌లో దొరికింది కాబట్టి సరిపోయింది. ఇదే రాశాను. 31 లైకులు వచ్చాయి.

కానీ ఆ 31లో ఒకావిడ కామెంటు పెట్టింది. బెంగళూరులో ఇంజినీరు. నేను చెప్పిన పద్ధతిలో ఇంకో లోపం ఉందని చూపించింది. నిజమే. ఒప్పుకుని సరిచేసి రాశాను. తర్వాత వారం ఇంకో ప్రశ్న అడిగింది. ప్రొఫైల్‌లో ఊరు చూసి, "మీది దెందులూరా? మాది గూడెం" అంది. తాడేపల్లిగూడెం అన్నమాట, మాకు గంట దూరం. మేం ఎప్పుడూ కలవలేదు, ఫోన్లో కూడా మాట్లాడలేదు. మూడు నెలలు ఇలా కామెంట్లలో తప్పొప్పులు పట్టుకున్నాం. సెప్టెంబర్‌లో ఆవిడ నుంచి మెసేజ్: "మా టీమ్‌లో ఒక ఖాళీ ఉంది. మీరెలా ఆలోచిస్తారో మా మేనేజర్‌కు చెప్పాను. ఆ పోస్టులు నాలుగు పంపాను. చూస్తారా?" నాలుగు రౌండ్ల ఇంటర్వ్యూలు. అక్టోబర్‌లో చేరాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాను.

ప్రాణస్నేహితులు ఇంతమంది ఉండగా, మొహం చూడని మనిషి వల్ల ఉద్యోగం ఎలా వచ్చిందా అని తర్వాత ఆలోచించాను. దీని మీద పెద్ద చదువే ఉంది. మార్క్ గ్రనోవెటర్ అనే సామాజిక శాస్త్రవేత్త 1973లో దీని గురించి ఒక వ్యాసం రాశాడు. బోస్టన్ పక్కన న్యూటన్ అనే ఊళ్లో ఈమధ్యే ఉద్యోగం మారినవాళ్లను ఆయన కలిశాడు. తెలిసినవాళ్ల ద్వారా ఉద్యోగం దొరికిందన్నవాళ్లను, 'ఆ మనిషిని మీరు ఎంత తరచుగా కలిసేవారు' అని అడిగాడు. తరచూ కలిసేవాడని చెప్పినవాళ్లు ఆరుగురిలో ఒకరే. మిగతావాళ్లకు దారి చూపింది అప్పుడప్పుడో, అరుదుగానో కలిసే మనిషే. కారణం కూడా తేలిగ్గానే అర్థమవుతుంది. మన దగ్గరి స్నేహితులకు మనకు తెలిసిన కబుర్లే తెలుస్తాయి. దూరపు పరిచయస్తుడు వేరే చోట తిరుగుతాడు, వేరే కబురు తెస్తాడు. 2022లో 'సైన్స్' పత్రికలో వచ్చిన అధ్యయనం ఇదే సంగతిని లింక్డ్‌ఇన్‌లో 2 కోట్ల మంది మీద ఐదేళ్ల సమాచారంతో పరీక్షించింది. మరీ దగ్గరివాళ్లూ కాదు, బొత్తిగా తెలియనివాళ్లూ కాదు, మధ్యస్థంగా ఉండే పరిచయాలే ఉద్యోగం మారడానికి ఎక్కువ పనికొచ్చాయని తేలింది.

కొల్లేటి గట్టు మీద ఆ రైతు చెప్పిన బావమరిది లెక్క కూడా ఇదే కదా!

ఈ మధ్య మా వైపు కుర్రాళ్లు, ఏలూరు కాలేజీల పిల్లలు, నాకు మెసేజులు పెడుతుంటారు. 'అన్నా, మాది పల్లెటూరు, ఇంగ్లీషు అంతంతమాత్రం, బ్రాండ్ ఎలా తయారుచేసుకోవాలి' అని. నాకు తెలిసింది చెబుతాను. ప్రొఫైల్‌లో మొదటి లైనులో 'కలలు కనేవాడిని' అని కాకుండా, ఏ పని వచ్చో రాయండి. కొత్త మనిషికి రిక్వెస్టు పంపేటప్పుడు రెండు లైన్ల చీటీ జతచేయండి: మీరెవరు, వాళ్ల ఏ పని చూసి పలకరిస్తున్నారు. 'రిఫరల్ ప్లీజ్' అని వందమందికి పంపేకంటే, ఒకరు రాసింది చదివి ఒక మంచి ప్రశ్న అడగడం మేలు. కాలేజీలో రెండేళ్లు సీనియర్లు, పాత ఆఫీసులో పక్క టీమువాళ్లు, ట్రైనింగ్‌లో కలిసినవాళ్లు... వీళ్లందర్నీ ఉద్యోగం పోకముందే పలకరిస్తూ ఉండండి. చేతనైతే మీరే ముందు వాళ్లకో సాయం చేయండి. నేర్చుకున్నది తెలుగులో రాసినా ఫరవాలేదు, చదివేవాళ్లు దొరుకుతారు.

ఇంకొక్క మాట. అమ్మానాన్నల గురించి రాయకూడదని నేననను. రాసేముందు వాళ్లకు చదివి వినిపించండి. ఆ పోస్టులో ఉన్న మనిషి మీకు లైకులు వచ్చే సైటులో బతకడం లేదు. అరువిచ్చే షావుకారు, పలకరించే ఇరుగుపొరుగు, చీటీ పాట... వాటి మధ్యన బతుకుతున్నాడు. మనం అక్కడ ఒక ముక్క ఎక్కువ రాస్తే ఇక్కడ ఆయన ఖాతాలో ఒక ముక్క తగ్గుతుంది. అది నాకు తెలిసేసరికి ఆలస్యమైంది.

మొన్న సంక్రాంతికి వెళ్లినప్పుడు నాన్న షాపును గూగుల్ మ్యాప్స్‌లో పెట్టాను. కొత్త రైతులు దారి అడుగుతున్నారట. షాపు గురించి రాయాల్సిన చోట ఆగి, "ఏం రాయమంటావు నాన్నా? నలభై ఏళ్ల అనుభవం, నమ్మకానికి మారుపేరు అని పెట్టనా?" అన్నాను.

"నలభై ఎక్కడివిరా, ముప్పై ఒకటి" అన్నాడు. కాసేపు ఆలోచించి, "ఫోన్ నంబరు సరిగ్గా వెయ్యి. రాత్రిపూట కూడా ఎత్తుతానని రాయి" అన్నాడు.

రాశాను. సేవ్ నొక్కబోతుంటే మళ్లీ ఆపాడు.

"ఆదివారం సాయంత్రం మాత్రం ఉండనని కూడా రాయి. వచ్చి తిరిగెళ్తే బాగోదు."